ముక్క చెక్కతో గట్టి పలక: ఫింగర్ జాయింట్ ప్యానెల్ తయారీ, వాడకం

పీఎం విశ్వకర్మ పథకం లబ్ధిదారులైన వడ్రంగుల కోసం పాఠం

ఈ పాఠం ఎవరికి?

పథకంలో పేరు నమోదై, శిక్షణ పూర్తి చేసి, అప్పు తీసుకుని కొత్త పని మొదలుపెట్టాలనుకునే వడ్రంగులకు. మీ షాపులో అడుగు, అడుగున్నర పొడవున్న టేకు, వేప, తుమ్మ, మామిడి ముక్కలు మిగులుతూ ఉంటాయి. చాలావరకు పొయ్యిలోకే పోతాయి. వాటిని సరిగ్గా అతికిస్తే టేబుల్ పైపలక అవుతుంది, అల్మరా అర అవుతుంది, మెట్టు పలక అవుతుంది. సరిగ్గా అతికించకపోతే ఆరు నెలల్లో పగులుతుంది. అప్పుడు డబ్బూ పోతుంది, ఊళ్లో పేరూ పోతుంది. అందుకే ఎలా చేయాలో, ఎక్కడ వాడకూడదో రెండూ ఇక్కడ చెబుతున్నాం.

ఫింగర్ జాయింట్ అంటే ఏమిటి?

రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి చూడండి. అదే ఫింగర్ జాయింట్. ముక్క చివర పళ్లలాగా కోసి, రెండో ముక్క పళ్లలోకి జిగురుతో దింపుతాం. చివరకు చివర ఊరికే అంటిస్తే జిగురు పట్టదు. ఎందుకంటే చెక్క చివర సన్నని గొట్టాల కట్టలా ఉండి జిగురును లోపలికి పీల్చేస్తుంది. పళ్లు కోస్తే ఏటవాలు పక్కలు బయటపడతాయి. అక్కడ జిగురు నిలుస్తుంది, అతుకు వైశాల్యం కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇలా ముక్కలు కలిపి పొడవు బద్దీలు చేస్తాం. ఆ బద్దీలను పక్కపక్కన పేర్చి అంటిస్తే ప్యానెల్ తయారవుతుంది. ఇది ప్లైవుడ్ కాదు, పొట్టుతో చేసిన బోర్డూ కాదు. మొత్తం అసలు చెక్కే. బజారులో దొరికే ఇలాంటి ప్యానెళ్లలో రబ్బరు చెక్కవి ఎక్కువ. పాలు తీయడం అయిపోయిన ముసలి రబ్బరు చెట్లను కోసి వాటిని చేస్తారు.

తయారీ: ఏడు మెట్లు

1. చెక్క ఎంపిక. ఒక ప్యానెల్‌లో ఒకే జాతి చెక్క వాడండి. టేకు, తుమ్మ కలిపితే రెండూ ఒకేలా కుంగవు, ఉబ్బవు. ముడులు, పగుళ్లు, పురుగు తిన్న చోట్లు కోసి తీసేయండి. రబ్బరు చెక్క, మామిడి చెక్క అయితే కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు పట్టించినదే కొనండి. లేకపోతే పొడి పురుగు పడుతుంది. టేకు కొంటే బిల్లు, రవాణా పర్మిట్ కాగితాలు తప్పకుండా అడిగి దాచుకోండి.

2. ఆరబెట్టడం. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. లోపలి సామానుకు వాడే చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. సముద్రతీర జిల్లాల్లో కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు. తేమ మీటరు లేకపోతే చిన్న ముక్క తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి 100తో గుణించండి. ఉదాహరణకు 57 గ్రాముల ముక్క 50 గ్రాములకు వస్తే తగ్గింది 7 గ్రాములు. అంటే తేమ 14 శాతం. ఇంకా ఆరాలి. పక్కపక్క ముక్కల మధ్య తేడా 2 శాతం దాటకూడదు.

3. పళ్లు కోయడం. సామాను పనికి 4 నుంచి 10 మి.మీ. పొడవు పళ్లు సరిపోతాయి. కట్టర్ పదునుగా ఉండాలి. మొద్దుబారిన కట్టర్ చెక్కను కోయదు, కాలుస్తుంది. కాలి నల్లబడిన చోట జిగురు పట్టదు.

4. జిగురు. పళ్లు కోసిన రోజే అంటించండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి కోసిన కొద్ది గంటల్లోనే పూర్తి చేయాలి. తెల్ల జిగురు వాడితే నీటికి తట్టుకునే రకం తీసుకోండి. వేసవిలో జిగురు తొందరగా పొర కడుతుంది. రాసిన ఐదు పది నిమిషాల్లో ముక్కలు కలిసిపోవాలి.

5. నొక్కడం. పొడవు వైపు నుంచి గట్టిగా నొక్కాలి. అతుకు పొడవునా చిన్న చిన్న జిగురు బొట్లు బయటికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఏమీ రాకపోతే జిగురు చాలలేదు. ధారలా కారితే ఎక్కువైంది.

6. పక్కలు అంటించడం. బద్దీలను నాలుగు వైపులా చిత్రిక పట్టి పేర్చండి. చివరి కోతలో కనిపించే వలయాలు ఒక బద్దీకి పైకి, పక్క బద్దీకి కిందికి ఉండాలి. అప్పుడు పలక ఒకే వైపు వంగదు. పక్కపక్క బద్దీల్లో ఫింగర్ అతుకులు ఒకే వరుసలో పడనివ్వకండి. ఇటుక గోడలో అతుకులు మార్చినట్టే ఇక్కడా మార్చాలి. అడుగుకొక క్లాంప్ చొప్పున ఒకటి పైన, ఒకటి కింద బిగించండి.

7. ఆగడం. క్లాంప్ రెండు మూడు గంటల తర్వాత తీసినా, చిత్రిక మాత్రం మర్నాడే పట్టండి. జిగురులోని నీటికి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. వెంటనే చిత్రిక పడితే ఆ ఉబ్బు పోతుంది కానీ, ఆరాక అక్కడ గీత లోపలికి దిగుతుంది. పాలిష్ వేశాక ఆ గీత స్పష్టంగా కనిపిస్తుంది.

పరీక్ష: ప్రతి కొత్త జిగురు డబ్బాకూ ఒక ముక్క అతికించి, మర్నాడు విరిచి చూడండి. చెక్క నార చీలితే అతుకు మంచిది. జిగురు గీత దగ్గరే నున్నగా ఊడితే ఎక్కడో లోపం ఉంది. ఆ రోజు చేసిన పలకలు అమ్మకండి.

వాడకం: చెక్కను కదలనివ్వండి

చెక్క పొడవునా దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంగుతుంది. అడుగు వెడల్పు టేకు పలకలో తేమ 4 శాతం మారితే దాదాపు 2 మి.మీ. తేడా రావచ్చు. రెండడుగుల టేబుల్‌కు 4 మి.మీ. దానికి చోటు ఇవ్వకపోతే పలక తనంతట తానే పగిలి చోటు చేసుకుంటుంది. కాబట్టి:

• టేబుల్ పైపలకను ఫ్రేముకు జిగురుతో అంటించవద్దు. పొడవాటి రంధ్రాల్లో స్క్రూలు వేయండి.
• తలుపు ఫ్రేము గాడిలో పెట్టే పలకకు జిగురు వద్దు, రెండు పక్కలా సందు వదలండి.
• పాలిష్ పైన, కింద, చివర్లకు సమానంగా వేయండి. పైనొక్కటే వేస్తే పలక వంగుతుంది.

ఎక్కడ వాడకూడదు: ద్వారబంధం, దూలం, వాన తగిలే తలుపు, బాత్రూమ్ తలుపు. మంచం పక్కకర్ర లాంటి బరువు మోసే చోట కూడా చిన్న పళ్ల అతుకును నమ్మవద్దు. కొనేవారు అడిగినా ఒప్పుకోకండి.

లెక్క: ముక్కలు ఉచితం కాదు

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 20 మి.మీ. మందం టేబుల్ పలక అనుకుందాం. 50 మి.మీ. బద్దీలు 13 కావాలి. అతుకుల్లో పోయేది, చివర్లు కోసేది కలిపి ఒక్కో బద్దీకి 4 అడుగుల 3 అంగుళాలు వేసుకోండి. మొత్తం సుమారు 55 అడుగులు. రెండున్నర అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ముక్కలు తీసుకుంటే 55ను 2.5తో, 1.25తో గుణించి 144తో భాగించాలి. దాదాపు 1.2 ఘనపుటడుగులు వస్తుంది. తయారైన పలకలో ఉండేది అర ఘనపుటడుగుకు కాస్త ఎక్కువ. అంటే సగానికి పైగా పొట్టు, తరుగులోనే పోతుంది. ధర చెప్పేటప్పుడు చెక్క వాడిన లెక్కన వేసుకోండి, తయారైన లెక్కన కాదు. జిగురు, కరెంటు, మీ కూలి ఆపైన కలపండి.

పథకం ఇక్కడ ఎలా పనికొస్తుంది?

పనిముట్లకు వచ్చే 15,000 రూపాయల ఈ-వోచర్‌తో ఫింగర్ జాయింట్ మిషను రాదు. ఆ ఆశ పెట్టుకోకండి. ప్రాథమిక శిక్షణ పూర్తయ్యాక హామీ లేకుండా వచ్చే మొదటి అప్పు 1 లక్ష రూపాయల వరకు. వడ్డీ 5 శాతం, 18 నెలల్లో తీర్చాలి. పూర్తి లక్ష తీసుకుంటే నెలకు వాయిదా సుమారు 5,800 రూపాయలు. మొదటిది సక్రమంగా కట్టినవారికి, డిజిటల్ చెల్లింపులు అలవాటు చేసుకున్నా, ఉన్నత శిక్షణ తీసుకున్నా, 2 లక్షల వరకు రెండో అప్పుకు అర్హత ఉంటుంది. దాని గడువు 30 నెలలు.

మా సలహా: మొదటి అప్పుతోనే మిషను కొనకండి. పళ్లు కోయించే పని మిషను ఉన్న షాపులో కూలికి చేయించుకోండి. ఆరబెట్టడం, అంటించడం, చిత్రిక మీ చేతిలో ఉంచుకోండి. నాలుగైదు నెలలు వరసగా ఆర్డర్లు వస్తున్నాయా, వాయిదా కట్టాక చేతిలో ఏమైనా మిగులుతోందా చూసుకోండి. మిగిలితే రెండో అప్పు గురించి ఆలోచించండి. ఒకే ఊరి వడ్రంగులు ముగ్గురు నలుగురు కలిసి ఒక మిషను పెట్టుకుంటే భారం ఇంకా తగ్గుతుంది.

గుర్తుంచుకోండి

• పథకంలో నమోదుకు రుసుము లేదు. అప్పు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.
• మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి.
• పళ్లు కోసే కట్టర్ దగ్గర చేతితో ముక్కను నెట్టకండి. బిగించే చట్రం వాడండి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు వద్దు.

ఈ పాఠాన్ని మీ ఫోన్‌లో దాచుకోండి. పని నేర్చుకుంటున్న మీ అబ్బాయికి, అమ్మాయికి చదివి వినిపించండి. తోటి వడ్రంగులకు పంపండి.