గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం: పర్వతారోహణ, స్థానిక సంస్కృతి

హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు జిల్లాలో 754.4 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనాన్ని 1984లో ఏర్పాటు చేయగా, 1999లో దానికి పూర్తి స్థాయి చట్టబద్ధ హోదా లభించింది. ఈ ఉద్యానవనంతో పాటు సైంజ్, తీర్థన్ అభయారణ్యాలతో కూడిన సంరక్షణ ప్రాంతాన్ని యునెస్కో 2014లో సహజ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి మంచు కరిగి ప్రవహించే తీర్థన్, సైంజ్ నదులు బియాస్‌లో కలుస్తాయి.

అటవీశాఖ అనుమతితో మాత్రమే సాగే ట్రెక్కింగ్ మార్గాల్లో గుషైనీ నుంచి రోల్లాకు వెళ్లే నదీతీర బాట ప్రసిద్ధమైనది. దేవదారు, ఓక్ అడవులు దాటి పైకి వెళ్లే కొద్దీ, స్థానికులు 'థాచ్' అని పిలిచే ఎత్తైన పచ్చిక మైదానాలు ఎదురవుతాయి. హిమాచల్ రాష్ట్ర పక్షి అయిన జుజురాణా, అంటే వెస్టర్న్ ట్రాగోపాన్, ఈ అడవుల్లో నివసిస్తుంది.

ఉద్యానవనం అంచున ఉన్న గ్రామాల్లో ఊరి దేవతలకు పల్లకీలు ఉంటాయి. 'గుర్' అనే పూనకపు పూజారి ద్వారా దేవత పలుకుతుందని ప్రజలు విశ్వసిస్తారు. కుల్లు దసరాకు ఎన్నో గ్రామ దేవతలు ఊరేగింపుగా తరలివస్తారు. ఈ గ్రామాల్లో దేవదారు దూలాలను, రాళ్లను వరుసలుగా పేర్చి సున్నం లేకుండా కట్టే 'కాఠ్‌కుణి' నిర్మాణం భూకంపాలను తట్టుకుంటుంది. ఉద్యానవనంలో పశువుల మేతకు, మూలికల సేకరణకు ఉన్న హక్కులు రద్దైనందున, గైడ్లుగా, సామాను మోసేవారిగా స్థానికులకే ఉపాధి దక్కినప్పుడే పరిరక్షణ న్యాయబద్ధమవుతుంది.