పంది ఎదకు రాకపోతే ముందు తొట్టి చూడండి

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచే వచ్చాయి. చాలామంది బాధ ఒకటే. పందులు ఎదకు రావడం లేదు, వచ్చినా చూడి నిలవడం లేదు, నిలిచినా పిల్లలు తక్కువ. అడిగిందీ ఒకటే: ఏ ఇంజెక్షన్ వేయించాలి? మేత ఏం పెడుతున్నారో మాత్రం కొందరే రాశారు.

కె.సి. కెనాల్ కింద వరి, పసుపు వేస్తాం. తౌడు, నూకలకు కొదవ లేదని ఏడాదిన్నర కిందట ఎనిమిది సీమ పందులు తెచ్చుకున్నాం. తొలి ఈతలో తొమ్మిది, పది పిల్లలు పెట్టాయి. రెండో ఈతలో అయిదారే. మూడు పందులైతే పిల్లలను విడదీసి నెల దాటినా ఎదకు రాలేదు. గేదెలకు వేసే ఎద సూది వేయిస్తే సరిపోతుందా?
— ఒక రైతు, దువ్వూరు

ముందు సూది సంగతి తేల్చేద్దాం. గేదెలకు సాధారణంగా వేసేది ప్రోస్టాగ్లాండిన్. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియంను అది కరిగిస్తుంది, ఆ తర్వాత ఎద వస్తుంది. గేదెలో ఎద అయిన వారానికే ఈ మందు పని చేస్తుంది. పందిలో సుమారు 12వ రోజు దాకా ఒక్క సూదికి లొంగదు. పైగా మీ మూడు పందుల అండాశయాలు పని మానుకుని ఉంటే అక్కడ కార్పస్ లూటియమే ఉండదు, ఇక కరిగించేదేముంది? మీకు తెలియకుండా చూడితో ఉన్న పందికి వేస్తే మాత్రం ఈసుకుపోతుంది. వద్దు.

ఇక అసలు కథ. ఆవుకు ఒక ఎదలో ఒక్క అండం పక్వమైతే చాలు. పంది అండాశయం ద్రాక్ష గుత్తిలా ఉంటుంది. ఒక్క ఎదలో 15 నుంచి 20 అండాలు విడుదల కావాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదిలితేనే ఆ గుత్తిలోని సంచులు పెరుగుతాయి. ఒంట్లో తిండి నిల్వ ఎంతుందో తెలిస్తే తప్ప మెదడు అందుకు ఒప్పుకోదు. ఆ కబురు మోసేవి మూడు: మేత అరిగాక పెరిగే ఇన్సులిన్, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్, కాలేయం నుంచి వచ్చే ఐ.జి.ఎఫ్.-1. వీటిలో ఇన్సులిన్, ఐ.జి.ఎఫ్.-1 మెదడుకు చెప్పి ఊరుకోవు, నేరుగా అండాశయానికి వెళ్లి సంచుల ఎదుగుదలకు కూడా తోడ్పడతాయి.

ఇప్పుడు మీ పందిని చూడండి. పది పిల్లల తల్లి రోజుకు ఆరేడు లీటర్ల పాలివ్వాలి. తొలి ఈత తల్లి తానే ఇంకా ఎదుగుతూ ఉంటుంది, దాని కడుపు కూడా చిన్నది. మేత చాలకపోతే పాలు ఆపదు. ముందు కొవ్వు, తర్వాత కండ కరిగించి పిల్లల నోట పెడుతుంది. ఒంటి బరువులో పదో వంతుకు మించి కరిగిపోయిందంటే ఇన్సులిన్, ఐ.జి.ఎఫ్. పడిపోతాయి, ఎల్.హెచ్. అలలు ఆగుతాయి. పాలు విడిచాక 4 నుంచి 7 రోజుల్లో రావలసిన ఎద రాదు.

వచ్చినా మరో చిక్కుంది. ఆ ఎదలో విడుదలయ్యే అండాలు వారంలో తయారైనవి కావు, తల్లి చిక్కిపోతున్న రోజుల్లోనే సంచుల్లో పెరుగుతూ వచ్చినవి. అలాంటి అండాల నుంచి ఏర్పడ్డ పిండాలు మామూలు కంటే ఎక్కువగా నశిస్తాయి. పంది చూడి 114 రోజులు. కాబట్టి మీరు రెండో ఈతలో లెక్కపెట్టిన అయిదు పిల్లలు నాలుగైదు నెలల కిందటి తొట్టి లెక్క. తొలి ఈతలో బాగా పెట్టి రెండో ఈతలో తగ్గడం ప్రపంచమంతటా పందుల ఫారాల్లో ఉన్నదే. విత్తనపు పోతును అమ్మేయకండి, దాని తప్పేమీ కనిపించడం లేదు.

తౌడు, నూకలతో కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు చాలవు. సోయా చెక్క గానీ మంచి వేరుశనగ చెక్క గానీ, కాస్త ఎండుచేపల పొడి, ఖనిజ లవణ మిశ్రమం కలిపి దాణా చేయండి. పాలు లేని పందికి రోజుకు 2 నుంచి 2.5 కిలోలు చాలు. పాలిచ్చే పందికి 2 కిలోల మీద ఒక్కో పిల్లకు కనీసం పావు కిలో చొప్పున పెంచండి. పది పిల్లలుంటే నాలుగున్నర కిలోలకు తగ్గకూడదు. ఒకేసారి తినలేదు, మూడు నాలుగు సార్లుగా పెట్టండి. నీళ్లు రోజుకు 20, 30 లీటర్లు తాగుతుంది, తొట్టి ఎండకూడదు. పిల్లలను 56 రోజులదాకా వదలకుండా 42 రోజులకు విడదీయండి. విడదీశాక పాలు ఎండాలని తల్లిని పస్తు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. బక్క పందికి అది చేటు. ఎదకు వచ్చేదాకా 3 కిలోలు పెట్టండి. పోతును కంచె అవతల కట్టి రోజూ ఓ పావుగంట దగ్గరగా చూపండి, దాని వాసనే సగం మందు.

ఆ మూడు పందులకు చూడి లేదని ముందు పశువైద్యుడి చేత నిర్ధారించుకోండి. నడుము ఎముక మీద బొటనవేలు పెట్టి చూడండి. నొక్కకుండానే ఎముక తగిలితే ఇంకా మేత కావాలి. ఒళ్లు చేశాక కూడా ఎద రాకపోతే అండాశయాన్ని మేల్కొలిపే గోనడోట్రోపిన్ ఇంజెక్షన్ మాట ఆయనతో మాట్లాడవచ్చు.

హోటళ్ల మిగులు అన్నం, సాంబారు తెచ్చి పోస్తున్నాం. ఎనిమిది నెలల ఆడ పందులు గుండ్రాళ్లలా ఉన్నాయి, అయినా ఎద సరిగా కనిపించదు. దాటించినా ఒకటి రెండు నిలవలేదు. మేత ఎక్కువే కదా?
— పులివెందుల నుంచి

ఎక్కువే, కానీ అంతా పిండిపదార్థమే. మీ పందులు బలిశాయి, వాటికి పోషణ మాత్రం అందలేదు. మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు కరువైన కొవ్వు అండాశయానికి అక్కరకు రాదు. బాగా కొవ్వెక్కిన పందిలో ఎద లక్షణాలు మందంగా ఉంటాయి, మీ కంట పడకుండానే రెండు మూడు రోజుల ఎద దాటిపోతుంది. నడుము మీద రెండు చేతులతో గట్టిగా నొక్కితే కదలకుండా నిలబడిందా, చెవులు నిక్కించిందా అని ఉదయం, సాయంత్రం చూడండి. 21 రోజులకోసారి ఆ తేదీ తిరిగి వస్తుంది, గోడ మీద రాసుకోండి.

తొలిసారి దాటించే పందికి పది, పద్నాలుగు రోజుల ముందు దాణా పెంచితే అండాలు ఎక్కువ విడుదలవుతాయి. దాటించిన మర్నాటి నుంచి మాత్రం 2 కిలోలకు దించండి. అప్పుడే మేత కుమ్మరిస్తే చూడిని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను కాలేయం త్వరగా ఖర్చు చేసేస్తుంది, తొలిచూలు పందుల్లో పిండాలు నష్టపోయే ప్రమాదముంది. బక్క పందికి ఈ నియమం వర్తించదు. హోటల్ తిండిని అరగంటైనా మరగబెట్టకుండా పోయకండి. స్వైన్ ఫీవర్, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మాంసపు ముక్కల వెంట కూడా వస్తాయి. వచ్చాక రెండింటికీ మందు లేదు.

ఏప్రిల్, మేలో దాటించినవి దాదాపు అన్నీ తిరిగి ఎదకు వచ్చాయి. వానలు పడ్డాక బాగానే నిలిచాయి. ఎండ దెబ్బేనా?
— జమ్మలమడుగు నుంచి

ఎండ దెబ్బే. పందికి చెమట పట్టదు. 27, 28 డిగ్రీలు దాటితేనే మేత తగ్గిస్తుంది, మన దగ్గర మేలో 42 దాటడం కొత్త కాదు. చిత్రమేమిటంటే మామూలు ఆకలిలో ఇన్సులిన్ తగ్గుతుంది, ఎండ వేడిలో మేత తగ్గినా ఇన్సులిన్ పెరుగుతుంది. అది కొవ్వును కరగనివ్వదు. కూడబెట్టింది ఉన్నా వాడుకోలేని స్థితి అన్నమాట.

మీరు తేదీలు రాసి ఉంటే ఇంకా చెప్పగలిగేవాణ్ణి. 18 నుంచి 24 రోజుల్లో తిరిగి వచ్చిందంటే అసలు నిలవలేదు, లేదా పిండాలు మొదట్లోనే పోయాయి. 11, 12 రోజుల వయసులో పిండాలు తామున్నామని తల్లికి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌తో కబురు పంపాలి. అందుకు కనీసం నాలుగైనా బతికి ఉండాలి. 25 రోజులు దాటాక వస్తే ఆ కబురు అందాక పోయాయని అర్థం. పోతునూ మరవకండి. ఒక వేడి వారం దెబ్బ దాని వీర్యంలో అయిదారు వారాలు కనిపిస్తుంది. వేపచెట్టు నీడ, గంటకోసారి నీటి తడి, తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక మేత. దాటించడం కూడా తెల్లవారుజామునే.

మూడు నెలల ఆడ పందిపిల్లలకు ఎదకు వచ్చినట్టు మర్మాంగం వాచి ఎర్రబడింది. వేరుశనగ చెక్క పాతది, దానివల్లేనని అనుమానం.
— ప్రొద్దుటూరు నుంచి

బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని కొడుతుంది, ఎద లక్షణాలు తేదు. మీరు మొక్కజొన్న పెడుతున్నారా? నా అనుమానం దాని మీద. తడి మొక్కజొన్నలో పెరిగే ఫ్యుజేరియం బూజు జియరలినోన్ అనే విషం చేస్తుంది, ఒంట్లో అది ఎద లక్షణాలు తెచ్చే ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. పందికి తగిలినంతగా మరే పశువుకూ తగలదు. 1928లోనే అమెరికాలోని ఐయోవాలో బూజు మొక్కజొన్నకూ ఈ వాపుకూ ముడి ఉందని రాశారు. ఈడొచ్చిన పందుల్లో ఇది కార్పస్ లూటియంను కరగనివ్వదు, చూడి లేకున్నా చూడిలాగే ఎద ఆగుతుంది. ఉడకబెట్టినా, ఎండబెట్టినా విషం పోదు. ఆ బస్తా పారేయండి. మేత మార్చిన రెండు మూడు వారాల్లో వాపు తగ్గుతుంది. పురీషనాళం బయటికి జారితే మాత్రం ఆగకుండా డాక్టరును పిలవండి.

ఆడవాళ్లకు వచ్చే పీసీవోడీ (అండాశయాల్లో తిత్తుల సమస్య) పందులకూ వస్తుందా?
— ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

పందులకు అండాశయ తిత్తులు వస్తాయి, కానీ ఆ తిత్తులన్నీ పీసీవోడీ కావు. ఆడవాళ్ల పీసీవోడీకి ఇన్సులిన్ సరిగా పని చేయకపోవడంతో ముడి ఉంది. అమెరికాలోని ఒసబా దీవి పందులను విపరీతంగా మేపితే మన మధుమేహపు తొలి దశలాంటి స్థితి వస్తుంది. అందుకే పరిశోధకులు వాటిలో పీసీవోడీ లాంటి సంగతులు చూస్తుంటారు. మీ ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉంది కదా, ఒకరోజు వెళ్లి పంది అండాశయం చూపించమనండి.

ఇకపై రాసేవారు నాలుగు సంగతులు తప్పక రాయండి: ఈనిన తేదీ, పిల్లలను విడదీసిన తేదీ, దాటించిన తేదీ, రోజుకు పెడుతున్న మేత ఎన్ని కిలోలు, ఏమేమి. అవి లేని ఉత్తరానికి నేనూ ఊహే రాయగలను.