రిపోర్టు కంటే ముందు మందుచీటీ అడుగు

చిరంజీవి తల్లికి,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. మెడ మీద కొవ్వు గట్టిపడిన గుర్రం, ముందుకాళ్ల గిట్టల్లో లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు), రక్తంలో థైరాయిడ్ హార్మోన్ టీ4 తక్కువ. 'హైపోథైరాయిడిజమే కదా' అన్నావు. నాకైతే అలా అనిపించడం లేదు. నొప్పికి ఏం మందు ఇస్తున్నారో నువ్వు రాయనేలేదు. ఆ స్థితిలో ఉన్న గుర్రానికి మామూలుగా పడేది ఫినైల్‌బ్యూటజోనే.

రక్తంలో తిరిగే టీ4 దాదాపు అంతా ప్రొటీన్లను పట్టుకునే ఉంటుంది. ఈ మందూ ఆ ప్రొటీన్లకే గట్టిగా అంటుకుంటుంది. బస్సులో కూర్చున్నవాణ్ణి లేపి ఆ సీట్లో తాను కూర్చున్నట్టు టీ4ను పక్కకు నెడుతుంది. మొత్తం టీ4 అంకె పడిపోతుంది. గ్రంథికి మాత్రం ఏ రోగమూ ఉండదు. చూశావా, ఏ గుర్రం మీద మనకు థైరాయిడ్ అనుమానం వస్తుందో, నొప్పిమందు మింగుతున్నదీ అదే గుర్రం! ఈ ఉచ్చులో పడి ఎన్ని గుర్రాలకు అనవసరంగా థైరాయిడ్ పొడి తినిపించారో.

ఎదిగిన గుర్రాల్లో అసలైన హైపోథైరాయిడిజం చాలా అరుదు. ప్రయోగాల్లో థైరాయిడ్ తీసేసిన గుర్రాలు మందకొడిగా మారాయి, చలికి ఆగలేకపోయాయి. లామినైటిస్ మాత్రం రాలేదు. నీ గుర్రానికి ముందు ఇన్సులిన్ చూడు. దాని గిట్టలను పాడుచేసేది పెరిగిపోయిన ఇన్సులినే అయి ఉండవచ్చు.

హార్మోన్ అంకెలను మార్చే మరో మందు స్టెరాయిడ్. దాని దారి వేరు. డెక్సామెథసోన్ పిట్యూటరీకి 'ఇక చాలు' అని కబురు పంపుతుంది. పిట్యూటరీ విడుదల చేసే ఏసీటీహెచ్ తగ్గి, దాంతో కార్టిసాల్ పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న 500 కిలోల గుర్రానికి సాయంత్రం 20 మిల్లీగ్రాములిస్తే, 19 గంటల తర్వాత కార్టిసాల్ డెసిలీటరుకు 1 మైక్రోగ్రాము లోపే ఉంటుంది. పిట్యూటరీ రోగమున్న గుర్రంలో అంత దిగదు. ఆ తేడానే పరీక్షగా వాడుకుంటాం. పైగా స్టెరాయిడ్ ఇన్సులిన్‌ను పెంచుతుంది, కాబట్టి ఇలాంటి గుర్రం జోలికి దాన్ని తీసుకురాకు. కీలులో వేసిన ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్ కూడా లెక్కలోకి వస్తుంది. అది గుర్రం చికిత్స కార్డులో ఉండకపోవచ్చు, సయీసును అడుగు.

టీ4 కోసం నొప్పిమందు ఆపేయకు తల్లీ. కుంటుతున్న జీవాన్ని ఇంకా బాధపెట్టి తీసిన రక్తంలో కార్టిసాల్ కూడా పైకి పోతుంది. థైరాయిడ్ పరీక్షను వాయిదా వెయ్యి. నొప్పి తగ్గి, మందు మానేసి కొన్ని వారాలయ్యాక కూడా అనుమానం మిగిలితే టీఆర్‌హెచ్ హార్మోన్ ఇచ్చి గ్రంథి స్పందన చూడు: 2 గంటల తర్వాత టీ3, 4 గంటల తర్వాత టీ4 రెట్టింపైతే గ్రంథి బాగున్నట్టే. ఈసారి శాంపిల్ పంపేటప్పుడు మందు పేరు, మోతాదు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ ఫారం మీద నీ చేత్తోనే రాయి.

మీ పెదనాన్న