దొంగ టోకెన్‌ను సర్వర్ ఎందుకు నమ్ముతుంది?

ఔట్‌పాస్ సంగతి హాస్టల్ విద్యార్థులకు మేము కొత్తగా చెప్పనక్కర్లేదు. చీటీ మీద పేరు, తేదీ, కింద వార్డెన్ గారి సంతకం ఉంటాయి. వాచ్‌మన్ సంతకం చూసి గేటు తీస్తాడు. కంప్యూటర్లో లాగిన్ అయ్యాక జరిగేదీ దాదాపు ఇదే. పాస్‌వర్డ్ సరిపోతే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. ఆ తరువాత పాస్‌వర్డ్ అడగకుండా ఆ టోకెన్‌నే చూస్తుంది.

ఎక్కువగా వాడే రకం జేసన్ వెబ్ టోకెన్. 2015లో ఇది ప్రమాణంగా వెలువడింది. ఇందులో చుక్కలతో విడదీసిన మూడు భాగాలుంటాయి. సంతకం ఏ పద్ధతిలో చేశారన్నది మొదటి భాగం. మనిషి ఎవరు, గడువు ఎప్పటివరకు అన్నది రెండవది. మూడవది సంతకం. మొదటి రెండూ సాధారణంగా రహస్యం కావు, ఎవరైనా విప్పి చదవవచ్చు. చదవడమేమిటి, 'విద్యార్థి' అన్నచోట 'అడ్మిన్' అని దిద్దనూ వచ్చు! దిద్దితే సంతకం సరిపోదు. రక్షణ అంతా అక్కడే ఉంది.

అదే 2015లో టిమ్ మెక్‌లీన్ అనే పరిశోధకుడు పలు లైబ్రరీలలో లోపం బయటపెట్టాడు. ప్రమాణంలో 'నన్' అనే పద్ధతి ఒకటుంది, అంటే సంతకమే లేదని. మొదటి భాగంలో 'నన్' అని రాసి మూడో భాగం ఖాళీగా పంపితే ఆ లైబ్రరీలు సరేనన్నాయి. 'ఈ చీటీకి సంతకం అక్కర్లేదు' అని చీటీ మీదే రాసి ఇస్తే వాచ్‌మన్ గేటు తీసినట్టు! వినడానికి నవ్వొస్తుంది కానీ, అవి ఎందరో నమ్మి వాడుకున్న లైబ్రరీలు.

ఆయన చూపిన రెండో లోపం ఇంకా లోతైనది. ఆర్.ఎస్.256 పద్ధతిలో సంతకం చేసే తాళంచెవి రహస్యం, సరిచూసేది బహిరంగం. హెచ్.ఎస్.256లో రెండు పనులకూ ఒకే రహస్యం. దొంగ మొదటి భాగంలో హెచ్.ఎస్. అని మార్చి, అందరికీ తెలిసిన బహిరంగ తాళంచెవితోనే సంతకం చేస్తాడు. సర్వర్ టోకెన్ మాట విని అదే తాళంచెవితో సరిచూస్తుంది. సరిపోతుంది!

2023లో మైక్రోసాఫ్ట్‌కు జరిగింది మరో రకం. మామూలు వినియోగదారుల ఖాతాలకు ఉద్దేశించిన సంతకపు తాళంచెవి ఒకటి దొంగల చేతికి చిక్కింది. దానితో చేసిన టోకెన్లను సంస్థల మెయిల్ కూడా ఒప్పుకుంది. పక్క హాస్టల్ వార్డెన్ సంతకంతో మన గేటు తెరుచుకున్నట్టు. సుమారు 25 సంస్థల ఉత్తరాలు పరాయివాళ్ల కంట పడ్డాయి.

కాబట్టి ప్రాజెక్టు చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ పద్ధతి, ఏ తాళంచెవి అన్నది మీ కోడ్‌లోనే ఖాయం చేయండి, టోకెన్‌ను అడగకండి. గడువు, ఎవరు ఇచ్చారు, ఎవరి కోసం ఇచ్చారు అన్నవీ చూడండి. లైబ్రరీలో 'డీకోడ్' వేరు, 'వెరిఫై' వేరు. చాలావాటిలో మొదటిది చదివి ఊరుకుంటుంది. పూర్తయ్యాక మీ టోకెన్ మధ్య భాగంలో ఒక అక్షరం మార్చి మీ సర్వర్‌కే పంపి చూడండి. 401 రావాలి.