స్వర్ణముఖి యిసుకయు, రవీంద్రకవి లేఖయు

గ్రంథము వ్రాసినవాడొకచోటను, చదివినవాడు వేరొకచోటను నుండి, లేఖల మూలమున మిత్రులగుట లోకమున క్రొత్త గాదు. కాని ఆ చదివిన పెద్దయే గ్రంథమునకు విషయమైనచో నేమగును? అట్టి మైత్రి యొకటి మన తిరుపతిలో చదివిన బాలునికి ప్రాప్తించెను.

సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888 సెప్టెంబరు 5వ తేదిన తిరుత్తణిలో జన్మించెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినది మొదలు 1960 వరకు ఆ యూరు మన జిల్లాలోనే యుండెను. ఆయన 1896 నుండి 1900 వరకు తిరుపతి లూథరను మిషను పాఠశాలలోను, పిదప వేలూరులోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. హిందూమతముపై క్రైస్తవ బోధకులు చేసిన విమర్శయే తన్ను స్వమతగ్రంథముల పరిశీలనకు పురికొల్పెనని ఆయనయే తెలిపియున్నాడు. ఈ మాట మనలో కొందరికి చేదుగా తోచవచ్చును. నాకు మాత్రమిది మిషను బడులకు గౌరవముగనే కనబడుచున్నది.

1913లో రవీంద్రనాథ ఠాకూరునకు నోబెలు బహుమానము వచ్చెను. ఆయన కవిత్వములోని భావములు క్రైస్తవమునుండి గ్రహింపబడినవని కొందరు పాశ్చాత్యులనిరి. కాదు, వాని మూలము ఉపనిషత్తులలో నున్నదని నిరూపింప రాధాకృష్ణుడు పూనుకొనెను. అప్పటికాయన యొక యువోపాధ్యాయుడు. కవియో, ఎక్కడో వంగదేశమున శాంతినికేతనములో నుండెను. తన తత్త్వము విషయమై కవి యీ యువకునకు వ్రాసిన లేఖ మిక్కిలి రమ్యమైనది. మోలియేరను ఫ్రెంచి నాటకకర్త సృష్టించిన జూర్దేను అనువాడు, జీవితమంతయు తాను పలుకుచున్నది వచనమని యెరుగకయే పలికెను గదా. తత్త్వవిషయమున తానును అట్టివాడనేయని కవి వ్రాసెను. తన రచనాప్రవాహములో బంగారము కలదని వినుట తనకు ముచ్చటయే గాని, యిసుక కడిగి దానిని తీయుట చదువరుల పనియనియు, కలదని తాను పూచీపడుట అపాయకరమనియు తెలిపెను. వేసవిలో స్వర్ణముఖి యిసుకను త్రవ్వి చెలమలు చేసిన మీకు ఈ యుపమానము సులభముగా బోధపడును.

ఇందలి సాహస మెంతటిదో యోచింపుడు. బ్రతికియున్న కవి భావమిదియని ఒకడు వ్రాయగా, నా భావమది కాదని ఆ కవి యొక్క మాట యన్నచో గ్రంథమంతయు వ్యర్థమగును. కవి ముందుగా అవునని గాని, కాదని గాని యనలేదు. 1918లో లండను మాక్మిలను కంపెనీ వారు గ్రంథమును ప్రకటించిరి. గ్రంథకర్తకు ముప్పదియేండ్లు, ఈ పాఠకునకు ఏబదియేడు. తన్ను గూర్చిన గ్రంథముపై తన యభిప్రాయమును లోకులు లెక్కింపకపోవచ్చునని చెప్పుచునే, అది తాను తలచినదానిని మించినదని కవి వ్రాసెను. పరిభాషల బరువును, పాండిత్య ప్రదర్శనమును లేని శైలికి కృతజ్ఞత తెలిపెను. వ్యాసములలో కఠినపదములు గ్రుచ్చు పై తరగతులవారు దీనిని గమనింతురు గాక!

గ్రంథములోని దంతయు సరియని నేననను. వంగదేశపు వైష్ణవ కవుల పదములును, బౌలు భిక్షువుల పాటలును రవీంద్రుని హృదయమున నెంతగా నిండియుండెనో ఆంగ్లానువాదములను బట్టి చదివినవారికి పూర్తిగా తెలియదు. వేదాంతపు చట్రములో కవిని కొంత బిగించిరనియే నా తలంపు. అయినను స్నేహము చెడలేదు.

1921లో రాధాకృష్ణుడు కలకత్తా విశ్వవిద్యాలయమునకు పోగా వారి నడుమ దూరము తగ్గెను. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నున్నప్పుడు, 1933లో రవీంద్రుడు వాల్తేరునకు వచ్చి మానవుని గూర్చి ఉపన్యసించెను. తుదకు 1940 ఆగస్టు 7వ తేదిన ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమే శాంతినికేతనమునకు నడచివచ్చినట్లాయెను. డెబ్బదితొమ్మిదేండ్ల కవికి డాక్టరు బిరుదము నొసగ వచ్చిన ఇద్దరు ప్రతినిధులలో ఒకరు సర్ మారిస్ గ్వయరు, రెండవవారు రాధాకృష్ణుడు. వృద్ధకవి సంస్కృతమున ప్రత్యుత్తర మిచ్చెను. సరిగా ఏడాదికి, 1941 ఆగస్టు 7వ తేదిననే, ఆయన కన్నుమూసెను.