మసక వెలుగులో బ్రతికున్న కణం – ఆరు నెలల మందుల పాఠం



క్షయ (టి.బి.) మందులు వాడేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది. ఇంకా ఆరు నెలలు మింగడం ఎందుకు?" "పూర్తి చేయాలి" అని చెప్పి ఊరుకుంటే ఆ మాట చాలామందికి మనసుకెక్కదు. ఆ ప్రశ్నకు కొంత జవాబు మైక్రోస్కోపు క్రింద బ్రతికున్న క్రిములను చూసినవారి వద్ద దొరికింది. వారు ఎలా చూశారు, ఏమి చూశారు అన్నదే ఈ నెల మన పాఠం.

1. చచ్చిన క్రిమి వేరు, బ్రతికున్న క్రిమి వేరు

కళ్ళె పరీక్షకు ఇచ్చినప్పుడు ల్యాబులో దానిని గాజు స్లైడుపై పూసి, వేడి చూపి, రంగు వేస్తారు. అక్కడ కనిపించే క్రిములు చచ్చినవే. క్రిమి ఉందా, ఎంత ఉంది అని తెలియడానికి అది చాలు. అయితే మందు పడినప్పుడు క్రిమి ఏమవుతుంది, ఏది చస్తుంది, ఏది తప్పించుకుంటుంది అని తెలియాలంటే బ్రతికున్నదానినే గంటల తరబడి, రోజుల తరబడి కనిపెట్టి చూడాలి.

2. వెలిగే గుర్తు

బ్యాంకులో కాషియరు నీలపు దీపం క్రింద నోటు పెడితే అందులోని గుర్తులు మెరుస్తాయి. ఒక రంగు వెలుగును పీల్చుకొని వేరొక రంగు వెలుగును ఇవ్వడాన్ని ఫ్లోరోసెన్స్ అంటారు. 1962లో ఒసాము షిమోమురా అనే శాస్త్రవేత్త ఒక జెల్లీ ఫిష్ నుండి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీనును వేరుచేశారు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ ప్రొటీను జన్యువును వేరే జీవుల కణాలలో పెట్టి వెలిగించి చూపారు. రోజర్ చెన్ దానికి మరిన్ని రంగులు కల్పించారు. 2008లో ఈ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ప్రొటీను వలన కణాన్ని చంపకుండానే దాని లోపలి పనికి దీపం పెట్టినట్లయింది.

3. వెలుగు ఎక్కువైతే హాని

గుర్తు వెలగాలంటే దానిపై బలమైన వెలుగు వేయాలి. తిరిగి వచ్చే మెరుపు మాత్రం, వేసిన వెలుగుకంటే వేల రెట్లు తక్కువ. ఎక్కువ వెలుగు వేస్తే కణంలో హానికరమైన ఆక్సిజన్ పదార్థాలు పుడతాయి. కణం విభజన మానుతుంది, చివరకు చస్తుంది. గుర్తు కూడా ఎండలో ఆరవేసిన చీర రంగులాగా వెలిసిపోతుంది.

వెలుగు శరీరంపై పనిచేస్తుందని మా వార్డులోనే చూస్తాము. కామెర్లు వచ్చిన పసిబిడ్డను నీలి దీపాల క్రింద పడుకోబెట్టినప్పుడు ఆ వెలుగే కామెర్లను తగ్గిస్తుంది. ఆ వెలుగు నుండే కాపాడటానికి బిడ్డ కళ్ళకు పట్టీ వేస్తాము. కణం విషయం కూడా అంతే. కాబట్టి వెలుగు తగ్గించాలి. తగ్గిస్తే మెరుపు మరీ మసకవుతుంది. ఆ మసకను పట్టుకోవడమే కెమెరా పని.

4. కెమెరా ఎలా చూస్తుంది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనేవారు సి.సి.డి. అనే చిప్పును ఆలోచించారు. దీనికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందారు. వెలుగు కణం చిప్పుపై పడితే ఒక ఎలక్ట్రాను పుడుతుంది. వాటిని లెక్కపెడితే బొమ్మ వస్తుంది. మసక వెలుగులో మూడు పనులు చేయాలి.

మొదటిది, వచ్చిన వెలుగును పారపోయకూడదు. చిప్పును పలుచగా చేసి వెనుక వైపు నుండి వెలుగు పడనిస్తే, కొన్ని రంగులలో నూటికి 90కి పైగా వెలుగు కణాలు పట్టుబడతాయి.

రెండవది, చప్పుడు తగ్గించాలి. గర్భిణీ పొట్టపై బిడ్డ గుండె చప్పుడు వినేటప్పుడు వార్డులో అందరినీ మాట్లాడవద్దంటాము గదా! చిప్పులో వేడి వలన కూడా ఊరకే ఎలక్ట్రానులు పుడుతుంటాయి. అందుకే కొన్ని కెమెరాలలో చిప్పును సున్నాకు దిగువ 70, 80 డిగ్రీల వరకు చల్లబరుస్తారు.

మూడవది, చిన్న సంకేతాన్ని పెంచాలి. 2000 తరువాత వాడుకలోకి వచ్చిన ఇ.ఎం.సి.సి.డి. కెమెరాలో ఎలక్ట్రాను వందల మెట్లు దాటుతుంది. ఒక్కొక్క మెట్టు వద్ద పెరుగుదల నూటికి ఒకటి, రెండు వంతులే. అయినా చక్రవడ్డీలాగా పెరిగి చివరికి వెయ్యి రెట్ల వరకు అవుతుంది. 2010 ప్రాంతం నుండి ఎస్.సి.మాస్ అనే మరొక రకం కూడా వచ్చింది. అది తక్కువ చప్పుడుతో, వేగంగా, ఎక్కువ స్థలాన్ని చూపుతుంది.

5. క్రిములలో ఏమి కనబడింది?

2013లో స్విట్జర్లాండులోని లొసాన్ నగర పరిశోధకులు ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. వారు తీసుకున్నది టి.బి. క్రిమి కాదు, దాని వంశంలోనిదే, త్వరగా పెరిగే స్మెగ్మాటిస్ అనే క్రిమి. సన్నని కాలువలలో వాటిని ఉంచి, ఆహారాన్నీ మందునూ పారిస్తూ, ఒక్కొక్క క్రిమినీ వరుసగా ఫోటోలు తీశారు.

వారు వాడిన మందు మన టి.బి. మాత్రలలో ఉండే ఐసోనియాజిడ్. ఈ మందు మింగినప్పుడే విషం కాదు. క్రిమిలోని కాట్‌జి అనే ఎంజైము దానిని మార్చినప్పుడే క్రిమిని చంపుతుంది. ఆ ఎంజైముకు వెలిగే గుర్తు తగిలించి చూడగా, అది క్రిములలో ఎల్లవేళలా ఉండక, అప్పుడప్పుడు మాత్రమే మెరుస్తున్నట్లు తెలిసింది. మెరుపు ఎక్కువగా వచ్చిన క్రిములు చచ్చాయి. రానివి మిగిలాయి. బయటికి లెక్క నిలకడగా ఉన్నట్లు కనిపించినా, లోపల కొన్ని చస్తూ, కొన్ని విభజన చెందుతూనే ఉన్నాయి. ఒకే తల్లి పిల్లలైనా అన్నీ ఒకేసారి చావవని దీని వలన స్పష్టమైంది.

6. మనకు సంబంధించిన మాట

దగ్గు తగ్గిందంటే ఎక్కువ క్రిములు చచ్చాయని అర్థం. అన్నీ చచ్చాయని కాదు. ఒక మందు తప్పిన క్రిమిని మరొక మందు పట్టాలని ఒకటికంటే ఎక్కువ మందులు కలిపి ఇస్తారు. ఈ రోజు తప్పినది రేపు దొరకాలని నెలల తరబడి ఇస్తారు. మామూలు టి.బి.కి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు. మధ్యలో మానితే మిగిలిన క్రిములు మరల పెరుగుతాయి, మందులకు లొంగనివిగా మారే ప్రమాదం కూడా ఉంది.

కొందరు "ఆ పెద్ద కెమెరా ఉన్న చోటికి పంపండి" అని అడగవచ్చు. అది పరిశోధనకే. మీ జబ్బును గుర్తించడానికి కళ్ళె పరీక్షలు, ఎక్స్‌రే ఉన్నాయి.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

• మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయపడవద్దు. అది రిఫాంపిసిన్ మాత్ర రంగు.

• కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, కాళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే రండి. మీ అంతట మీరు మందు మానవద్దు.

• ఇంట్లో ఒకరు దగ్గరుండి మాత్రలు మింగించండి.

• ఊరు వెళ్ళవలసివస్తే ముందుగా చెప్పి మందులు తీసుకొని వెళ్ళండి.

కుటుంబంతో చర్చించుకొనుటకు ప్రశ్నలు:

1. బ్రతికున్న కణాన్ని చూసేటప్పుడు వెలుగు ఎందుకు తగ్గించాలి?

2. ఐసోనియాజిడ్ వేసినా కొన్ని క్రిములు ఎందుకు మిగిలాయి?

3. మన ఇంట్లో గాని, వీధిలో గాని మందులు మధ్యలో ఆపినవారు ఉన్నారా? వారిని ఈ వారంలోనే ఆసుపత్రికి ఎవరు తీసుకొని వస్తారు?