రీస్లింగ్‌లో డ్రై నచ్చుతుందా, తీపి నచ్చుతుందా? తేల్చుకోవడం ఎలా?

రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసే వైన్‌ను ఇష్టపడేవాళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెడితే అరగంటలో రెండు జట్లవుతారు. ఒక జట్టుకు డ్రై కావాలి, అంటే చక్కెర ఛాయ కూడా తగలకూడదు, ద్రాక్ష పులుపు నేరుగా నాలుకకు అందాలి. రెండో జట్టుకు ఆ కాస్త తీపి లేకపోతే అది రీస్లింగే కాదు. ఈ వాదం వినే కొత్తవాళ్లు తమకు తీపి నచ్చిందని చెప్పడానికి జంకుతుంటారు. జంకాల్సిన పనిలేదు. జర్మనీలో జార్ నది దగ్గర షార్ట్స్‌హోఫ్‌బెర్గ్ కొండ మీద పండే తీపి రీస్లింగులు ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన తెల్ల వైన్లలో నిలుస్తాయి. డ్రై అంటే పెద్దరికం, తీపి అంటే పసితనం అనే లెక్క ఈ ద్రాక్ష విషయంలో చెల్లదు. మీ నాలుక ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం, మూడు సీసాలు, నలుగురు స్నేహితులు చాలు.

ముందు నిమ్మకాయలతో మొదలుపెట్టండి

వైన్ కొనకముందే ఈ పని చేయండి. మూడు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒక్కోదానిలో రెండేసి చెంచాల చక్కెర కలపండి. మొదటి గ్లాసులో నిమ్మరసం వద్దు. రెండోదానిలో ఒక చెక్క, మూడోదానిలో రెండు చెక్కలు పిండండి. చక్కెర మూడింటిలోనూ ఒకటే. అయినా మొదటిది వెగటుగా, రెండోది హాయిగా, మూడోది దాదాపు పుల్లగా ఉంటుంది.

రీస్లింగ్ గురించి నడిచే వాదం చాలావరకు ఈ మూడు గ్లాసుల్లోనే ఉంది. ఈ ద్రాక్షలో పులుపు సహజంగానే ఎక్కువ, లీటరుకు 7 నుంచి 9 గ్రాముల దాకా ఉండడం మామూలే. అందుకే 6 గ్రాముల చక్కెర ఉన్నా చాలామందికి అది తెలియనే తెలియదు. యూరప్ నిబంధనలు కూడా దీన్ని గుర్తించాయి. లీటరుకు 4 గ్రాములకు మించని చక్కెర ఉంటే డ్రై అని రాసుకోవచ్చు. చక్కెర ఆమ్లం కంటే 2 గ్రాములకు మించి ఎక్కువ కాకపోతే 9 గ్రాముల దాకా ఉన్నా డ్రై అనే రాయవచ్చు. కాబట్టి ఎంత చక్కెర అని మాత్రమే అడిగితే సగం సంగతే తెలుస్తుంది. దానికి ఎదురుగా ఎంత పులుపు ఉందన్నది మిగతా సగం.

సీసా మీద ఆల్కహాల్ శాతం చూడండి

పులియబెట్టేటప్పుడు ఈస్ట్ ద్రాక్షరసంలోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పోతే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. రసంలో 200 గ్రాముల చక్కెర ఉందనుకోండి. ఈస్ట్ అంతా తినేస్తే ఆల్కహాల్ 12 శాతానికి దగ్గరగా చేరుతుంది, వైన్ డ్రై అవుతుంది. 8 శాతం దగ్గర చల్లబరచి, వడకట్టి ఆపేస్తే 60 గ్రాములకు పైగా చక్కెర మిగిలిపోతుంది. జర్మనీలోని మోజెల్ లోయలో పూర్వం చలికాలం వచ్చేసరికి నేలమాళిగలు బాగా చల్లబడి ఈస్ట్ తనంతట తానే నిద్రపోయేది. తీపి మిగిలిన రీస్లింగ్ అక్కడ పుట్టడానికి ఆ చలి కూడా ఒక కారణం.

కాబట్టి దుకాణంలో లేబుల్ అర్థం కాకపోయినా శాతం చూడండి. 7 నుంచి 9 మధ్య ఉంటే తీపి ఉన్నట్టే. 12, ఆ పైన ఉంటే దాదాపు ఎప్పుడూ డ్రై. 10, 11 దగ్గర మాత్రం రెండూ కావచ్చు, అక్కడ లేబుల్ చదవక తప్పదు.

లేబుల్ దగ్గర ఎక్కువమంది తడబడేది జర్మన్ సీసాలతోనే. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అనేవి ద్రాక్ష కోసేటప్పుడు రసంలో ఉన్న చక్కెరను బట్టి, అంటే పండిన తీరును బట్టి, ఇచ్చే హోదాలు. వైన్‌లో చివరికి ఎంత తీపి మిగిలిందో అవి చెప్పవు. ‘ష్పేట్‌లేజె ట్రోకెన్’ అని ఉంటే బాగా పండిన ద్రాక్షతో చేసిన డ్రై వైన్ అని అర్థం. ట్రోకెన్ అన్న మాట కనిపిస్తే డ్రై. కాబినెట్ అని మాత్రమే ఉండి ట్రోకెన్ లేకపోతే, పైగా ఆల్కహాల్ తక్కువగా ఉంటే, తీపి ఉంటుందనే అనుకోండి. ఫైన్‌హెర్బ్ అంటే మధ్యస్థంగా కాస్త తీపి, దానికి చట్టం గీసిన గీత లేదు. సీసా మీద జీజీ అన్న అక్షరాలు ఉంటే మంచి పేరున్న తోట నుంచి వచ్చిన డ్రై వైన్.

ఫ్రాన్స్‌లోని అల్జాస్ సీసాలు చాలా ఏళ్లు కొన్నవాళ్లను తికమక పెట్టాయి. 2021 పంట నుంచి తీపి స్థాయిని లేబుల్ మీద రాయడం అక్కడ తప్పనిసరైంది. సెక్ అంటే డ్రై. ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ, ఈడెన్ వ్యాలీ వైన్లయితే మామూలుగా గట్టి డ్రై. అమెరికాలో కొన్ని సీసాల వెనక డ్రై నుంచి స్వీట్ దాకా నాలుగు మెట్ల గీత, దాని మీద ఒక గుర్తు కనిపిస్తాయి. ఆ గీతను తయారుచేసిన ఇంటర్నేషనల్ రీస్లింగ్ ఫౌండేషన్ చక్కెరను ఒక్కదాన్నే కాక చక్కెర, పులుపుల నిష్పత్తిని లెక్క కట్టింది. అన్ని దేశాల సీసాల మీదా ఆ గీత ఉంటే ఎంత బాగుండేదో!

మూడు సీసాలు కొనండి

ఒకటి పూర్తి డ్రై: క్లేర్ వ్యాలీది గానీ, ట్రోకెన్ గానీ. రెండోది మోజెల్ కాబినెట్, 8 శాతం దరిదాపుల్లో ఉన్నది. మూడోది తీపి ష్పేట్‌లేజె గానీ ఔస్‌లేజె గానీ. మోజెల్‌లో డ్రై, తీపి రెండూ చేసే కుటుంబాలు చాలానే ఉన్నాయి. వీలైతే మొదటి రెండూ ఒకే ఇంటివి తీసుకోండి, అప్పుడు తేడా నేలదా చక్కెరదా అన్న అనుమానం ఉండదు.

ఇప్పుడు రుచి చూడండి

సీసాలను ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి, 8 నుంచి 10 డిగ్రీల దగ్గర పోయండి. మరీ చల్లగా ఉంటే తీపి అణగిపోయి పులుపు పైకి లేస్తుంది. వెచ్చబడితే తీపి బరువుగా తోస్తుంది. ఉష్ణోగ్రత సంగతి చూసుకోకుండా వైన్ మీద తీర్పు చెప్పడం అన్యాయం.

డ్రై నుంచి తీపి వైపు వెళ్లండి. వెనక్కి రాకండి, తీపి తాగిన నోటికి డ్రై వైన్ పచ్చి పులుపుగా తోస్తుంది. మొదటి గుక్కను ముక్కు మూసుకుని తాగండి. రీస్లింగ్‌లో పీచ్, ఆపిల్, నిమ్మ వాసనలు ఘాటుగా ఉంటాయి. ఆ పండ్ల వాసనే చక్కెర ఉన్నట్టు మనసుకు చెబుతుంది. ముక్కు మూసుకుంటే నాలుకకు నిజంగా తగిలిన తీపే మిగులుతుంది. రెండో గుక్క మామూలుగా తాగి, మింగాక కాసేపు ఆగండి. నోట్లో నీరూరితే పులుపు పని చేస్తున్నట్టు. పెదాల మీద జిగట మిగిలితే ఆ వైన్‌లో తీపిని మోసేంత పులుపు లేదన్నమాట.

ఒకసారి అయ్యాక సీసాలకు కాగితం చుట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత పోయించుకోండి. అప్పుడే అసలు ఇష్టం బయటపడుతుంది. డ్రై తప్ప ముట్టనని చెప్పేవాళ్లు కాబినెట్ గ్లాసును ముందు ఖాళీ చేయడం ఇలాంటి సాయంత్రాల్లో తరచూ జరిగేదే. తీపిని పసిగట్టే శక్తి మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, పక్కవారి గ్లాసుతో మీ తీర్పును సరిచూసుకోకండి.

నా మాట అడిగితే, ఈ ద్రాక్ష తన పూర్తి స్వభావాన్ని చూపేది కాబినెట్‌లోనే. అంత తేలికగా, అంత తక్కువ ఆల్కహాల్‌తో, తీపీ పులుపూ ఒకదాన్నొకటి పట్టి నిలబెట్టే వైన్ ఇంకో ద్రాక్షతో రావడం అరుదు.

తర్వాత అన్నం ముందు పెట్టుకోండి

గ్లాసులో ఒంటరిగా నచ్చినది కంచం పక్కన నచ్చకపోవచ్చు. ఆల్కహాల్ మిరపకారం మంటను పెంచుతుంది, చక్కెర తగ్గిస్తుంది. అందుకే గుంటూరు కారంతో చేసిన కోడివేపుడుకు 13 శాతం డ్రై వైన్ సరిపడదు. 8 శాతం కాబినెట్ చక్కగా కుదురుతుంది. గోంగూర మాంసం, చేపల పులుసు లాంటివాటి ముందు పులుపు తక్కువున్న వైన్లు చప్పబడతాయి, రీస్లింగ్ మాత్రం నిలబడుతుంది. కారం తక్కువగా కాల్చిన చేప, రొయ్యలు అయితే డ్రై తీయండి. బొబ్బట్ల పక్కన కాబినెట్ పెట్టకండి. వంటకం కంటే వైన్ తీపి తక్కువైతే వైన్ పుల్లగా మారినట్టుంటుంది. అక్కడ ఔస్‌లేజె, అంతకు మించి తీపి ఉన్నవే పనికొస్తాయి.

ఇంకొక పరీక్ష ఓపిక ఉన్నవాళ్లకు. మంచి తీపి రీస్లింగును పదేళ్లు దాచి తీయండి. చక్కెర తగ్గదు, కానీ నోటికి తీపి వెనక్కి తగ్గినట్టు తెలుస్తుంది. తేనె, పెట్రోలు లాంటి వాసనలు ముందుకొస్తాయి. పెట్రోలు వాసన ఈ ద్రాక్షకు సహజమైనదే, వైన్ పాడైందని పారబోయకండి. తీపి నచ్చదన్నవాళ్లకు పోయవలసింది ఇలాంటి పాత సీసా.

రెండు జట్ల స్నేహితులూ ఒకే రోజు ఇంటికి వస్తే ఫైన్‌హెర్బ్ తెరవండి. రుచి చూశాక ఆ మూడు సీసాలకు మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు బాగానే ఉంటాయి. మర్నాడు భోజనానికి ముందు ఒక్కోదాన్నీ కొంచెం పోసుకుని మళ్లీ రుచి చూడండి. రెండు రోజులూ ఒకే సీసా వైపు చెయ్యి వెళితే, తర్వాత కొనాల్సింది ఆ రకమే.